జల్లెడలో పోయిన వేలు

పట్టపగలు చీకటి చేసుకుని కూర్చుంటే జీతమిస్తారని చెబితే ఆమె వదిన మొదట్లో నమ్మలేదు. "కిటికీలకి నల్లగుడ్డలు కట్టుకుని, దీపాలన్నీ ఆర్పేసి, గోడవైపు చూస్తూ కూర్చుంటారా? దానికి అంత చదువెందుకమ్మా? మా పిల్లాడు చదువు మానేసి అదే చేస్తున్నాడు" అంది. అంతా నవ్వారు, ఆమె కూడా నవ్వింది. చూసేవాళ్ళకి ఆ పని అలాగే కనిపిస్తుంది మరి. రెండో అంతస్తులో ఒక పొడవాటి గది. గోడలకి నల్లరంగు, తలుపు కింద సందుకి కూడా గుడ్డ. ఆ చివర మూలలో ఒక కుర్చీ, కుర్చీలో బట్టల దుకాణంలో చొక్కాలు తొడిగి నిలబెట్టే రకం బొమ్మ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క పనీ చెయ్యకుండా, కదలకుండా, అందరి చేతా మర్యాదలు చేయించుకుంటుంది కనక ఆఫీసులో దానికి "బావగారు" అని పేరు పెట్టారు. కెమెరాలో బావగారి ముక్కు స్పష్టంగా కనిపిస్తే ఆ రోజు పని సవ్యంగా జరిగినట్టు లెక్క.

ఆమె కెమెరాలకి కళ్ళు తయారుచేస్తుంది. అంటే లెన్సుల అద్దాలు. ఏ అద్దం పక్కన ఏ అద్దం ఉండాలి, ఎంత వంపు తిరగాలి, మధ్యలో ఎంత ఖాళీ వదలాలి, ఇదంతా ఆమె చేతిలో ఉంటుంది. ఆమెకి అప్పగించిన కన్ను గది మొత్తాన్ని ఒక్క చూపులో పట్టాలి, అదీ వెలుతురు సరిగా లేనిచోట. ఈ రెండు కోరికలూ సవతుల్లాంటివి, ఒకదాన్ని బుజ్జగిస్తే రెండోది అలిగి కూర్చుంటుంది. వెలుతురు బాగా రావాలంటే అద్దం నోరు పెద్దగా తెరవాలి. అలా తెరిస్తే మధ్యలో బాగానే ఉంటుంది గాని అంచులు సాగిపోతాయి, మసకబారతాయి. పక్కనుంచి వచ్చే వెలుతురు ఏటవాలుగా వచ్చి సగం దారిలోనే ఆగిపోతుంది. మధ్యలో బాగుంటే చాలని చేతులు దులుపుకునేవాళ్ళు ఆ వృత్తిలో బోలెడంతమంది ఉన్నారు. ఆమె మాత్రం అంచుల కోసం అదనంగా ఒక అద్దం పెట్టాల్సిందేనని పట్టుబట్టి, కంపెనీ పెద్దాయనతో నెలల తరబడి పోట్లాడి, చివరికి పెట్టించుకుంది. ఆమెకి అంచులంటే అంత ప్రాణం ఎందుకంటే, ఇంట్లో ఆమె పేరే అంచు.

ఆ పేరు పెట్టింది అన్నయ్య. ఆమెకి ఊహ తెలిసేసరికే అతనికి ఫోటో స్టూడియో ఉండేది. మేడమెట్ల కింద ఇరుకుగది, ఒకే ఒక్క కిటికీ. దీపాలు పెట్టి తీస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు వస్తాయని అతని నమ్మకం. అందుకని కిటికీలోంచి పడే ఆ కాస్త వెలుతురుతోనే తీసేవాడు. కాస్త వెలుతురుతో తియ్యాలంటే షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి, తెరిచినంతసేపూ ఎదుటివాళ్ళు రాళ్ళలా నిలబడాలి. కుడిచేతిలో షట్టరు తీగ పట్టుకుని ఎడమచేతి చూపుడువేలు పైకెత్తేవాడు. వేలు పైన ఉన్నంతసేపు ఎవరూ ఊపిరి కూడా తియ్యకూడదు. వేలు దిగిందంటే ఫోటో అయిపోయినట్టు. పెళ్ళిబృందాలవాళ్ళు, పట్టాలు పుచ్చుకున్న కుర్రాళ్ళు, కోపిష్టి మామగార్లు, అందరూ ఆ వేలికి లొంగినవాళ్ళే. లొంగనిది ఒక్క చెల్లెలే.

మొట్టమొదటి కుటుంబం ఫోటోలో ఆమెని అందరికంటే చివర నిలబెట్టాడు. వేలు పైన ఉన్నంతసేపూ ఆమెకి ఎక్కడో దురద పెడుతూనే ఉంది. ఫోటో వచ్చాక చూస్తే నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అత్తయ్య మెడలో గొలుసు కూడా లెక్కపెట్టుకోవచ్చు. చివర మాత్రం తెల్లటి పొగలాంటిది ఉంది. "మన పిల్లేదీ? పొయ్యిలోంచి లేచి వచ్చిందా?" అని అత్తయ్య ఒకటే నవ్వు. పిల్ల ఏడ్చింది. అన్నయ్య నవ్వలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని ఆ పొగని గోటితో చూపించాడు.

"నువ్వు లేకపోలేదే పిచ్చిదానా. ఇదిగో, ఇది నువ్వే. కదిలావంతే. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు కదిలినవాళ్ళు కెమెరాకి దొరకరు, అది దాని చేతకానితనం. నీ తప్పేం లేదు, అంచూ."

అలా ఆ పేరు ఉండిపోయింది. ఆ తర్వాత తీసిన గుంపు ఫోటోలన్నింటిలోనూ ఆమె చివరే నిలబడింది, అన్నింటిలోనూ పొగలాగో కళ్ళు మూసుకునో ఉంది. అన్నయ్య తీసిన ఫోటోల్లో ఆమెది ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా కుదరలేదు. చదువు పూర్తయి అద్దాల కంపెనీలో చేరినరోజు అతను టీ గ్లాసు పట్టుకుని, "ఇంకేం, పొగని కూడా పట్టే కెమెరా చెయ్యవే. నీ పెళ్ళికి దాంతోనే తీస్తా" అన్నాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆ కెమెరా మాత్రం చేసింది, లేదా చేశాననుకుంది.

ఆ కెమెరా ఆసుపత్రి వార్డు కోసం తయారైంది. తలకి దెబ్బ తగిలినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు ఉండే వార్డది. వాళ్ళ కళ్ళు వెలుతురుకి ఓర్చుకోలేవు కాబట్టి మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ తెరలన్నీ దించేస్తారు, చుట్టాలని బయటికి పంపేస్తారు. నర్సుల బల్ల వరండా మలుపులో ఉంటుంది. అక్కణ్ణుంచి మంచాలు కనిపించవు. కప్పు మీద ఒకే ఒక్క కెమెరా పెట్టి, ఆ మసకలోనే అన్ని మంచాలూ ఆ బల్ల మీది తెర మీద కనిపించేలా చెయ్యాలని ఆసుపత్రివాళ్ళు అడిగారు.

అద్దాలు బాగా కుదిరాయి. చిక్కంతా ఇసుకతో వచ్చింది. వెలుతురు తగ్గేకొద్దీ తెర మీది బొమ్మ నిండా చుక్కలు లేచి చీమల్లా కదులుతుంటాయి, ఆఫీసులో వాటిని ఇసుక అంటారు. వడకట్టడానికి ఒక ప్రోగ్రాము రాసుకున్నారు, దాని పేరు జల్లెడ. దాని పద్ధతి చాలా తేలిక. ఇప్పటి బొమ్మని ఇంతకుముందు బొమ్మలతో పోల్చి చూస్తుంది. ఉన్నచోటే ఉన్నదాన్ని నిజమనుకుంటుంది, ఇప్పుడు కనిపించి అప్పుడే పోయేదాన్ని ఇసుక అనుకుని తీసిపారేస్తుంది. మనిషి లేచి నడిస్తే అంత పెద్దదాన్ని ఇసుక అనుకోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మధ్యలో బొమ్మ అద్దంలా ఉంది. అంచుల్లో ఇంకా కొంచెం ఇసుక మిగిలింది. అది చూసి ఆమెకి మనసు ఒప్పలేదు. జల్లెడ రాసినవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి, "అంచుల్లో కన్నాలు ఇంకా సన్నగా చెయ్యండి. మధ్యలో ఎంత శుభ్రంగా ఉందో మూలల్లో కూడా అంతే ఉండాలి" అంది.

"మరీ సన్నగా చేస్తే ఏదైనా పోతుందేమో మేడమ్" అన్నాడు ఒకాయన నసుగుతూ.

"ఏం పోతుంది? చూద్దాం పట్టండి" అంది ఆమె.

చూశారు. మూలలో బావగారి ముక్కు మెరిసిపోయింది, చొక్కా గుండీల కన్నాలు కూడా కనిపించాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఆ బొమ్మని అచ్చువేయించి పటం కట్టించి, గుమ్మంలోకి రాగానే కనిపించేలా పెట్టాడు. కదిలితే పొగైపోతామని చిన్నప్పుడే ఏడ్చి మరీ నేర్చుకున్న మనిషి, కదలని బొమ్మని కూర్చోబెట్టి కెమెరా బాగుందని సంబరపడింది. ఆ గదిలో ఉన్న అంతమందిలో అది గుర్తుకు రావలసింది ఆమెకే, ఆమెకే రాలేదు.

కెమెరాని వార్డులో బిగించి ఇంకా పరీక్షగా నడుపుతున్న రోజుల్లోనే అన్నయ్య పడిపోయాడు. బూటు తాడు కట్టుకుంటూ వంగినవాడు మళ్ళీ లేవలేదు. మాట పోయింది, కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి. చూపు, వినికిడి, తెలివి చెక్కుచెదరలేదు. వాటితోపాటు ఎడమచేతి చూపుడువేలు మిగిలింది. గంట మీట నొక్కే బలం దానికి లేదు, మెల్లగా పైకి లేచే బలం మాత్రం ఉంది. ఏదైనా కావాలంటే ఆ వేలు ఎత్తమని, తెర మీద చూసి వస్తామని నర్సులు చెప్పారు.

ఖాళీగా ఉన్నది మూల మంచమే. వదినకి అది నచ్చలేదు. "మూలకి పడేస్తే ఎవరు చూస్తారమ్మా? మధ్యలో ఏదైనా ఖాళీ అయ్యేదాకా ఆగుదామా?" అంది.

"ఆగొద్దు వదినా. ఆ మూల ఎంత బాగా కనిపిస్తుందో నాకు తెలుసు. ఆ మూల నేను చేసిందే" అంది ఆమె. అన్నయ్య కళ్ళతోనే కప్పు మీది కెమెరాని, తర్వాత చెల్లెల్ని చూశాడు. ఆ కళ్ళలో గర్వం కనిపించింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు వదిన ఆసుపత్రి క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని, తాగకుండా కూర్చుంది.

"మీ అన్నయ్యకి నా మీద కోపమొచ్చింది" అంది. "పొద్దున నేను వెళ్తే కళ్ళు మూసుకుంటున్నాడు. వేలు ఎత్తడం తగ్గించేశాడు. డాక్టరుగారేమో, అది ఆడిస్తుంటేనే దానికి తోడు ఇంకో వేలు, తర్వాత చెయ్యి వస్తాయి, ఆపేస్తే అది కూడా పోతుందంటున్నారు. నేనేం తప్పు చేశానో నాకు తెలియడం లేదు."

ఆ మాట విన్నాక ఆమెకి ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాలేదు. మధ్యాహ్నం, తెరలు దించాక, కెమెరా చూసిపోవాలని వంక పెట్టి నర్సుల బల్ల దగ్గర కూర్చుంది. పెద్ద నర్సు మంచి మాటకారి.

"మీ కెమెరా వచ్చాక నా కళ్ళజోడు మీద నాకే నమ్మకం పోయిందండీ" అంది. "దుప్పటి మీద ముడత కూడా తెలుస్తోంది. మీ అన్నయ్యగారైతే బంగారం. ఈ వార్డులో ఆయనంత నెమ్మదైనవాళ్ళు లేరు. మధ్యాహ్నాలు ఒక్కసారి కూడా పిలవరు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అన్నయ్య నెమ్మదైనవాడా? స్టూడియోలోంచి టీ కోసం అరిస్తే వీధి చివర కొట్టువాడు ఇంకొకరి టీ కూడా పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉన్నా ఇంట్లో ఎవర్నో ఒకర్ని పిలవందే తాగేవాడు కాదు. అలాంటివాడు మధ్యాహ్నాలు పిలవకుండా ఎలా ఉంటాడు?

లేచి వార్డులోకి వెళ్ళింది. ముందు ఏమీ కనిపించలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా గుమ్మంలోనే నిలబడింది. మెల్లగా మంచాలు తేలాయి, దుప్పట్లు తేలాయి. చివరి మంచం మీద, తెల్లటి దుప్పటి మీద, వేలు పైకి లేచి ఉంది. వణుకుతోంది, ఒరిగిపోతోంది, మళ్ళీ లేస్తోంది.

వెనక్కి పరిగెత్తి తెర చూసింది. మూల మంచం ఎంతో శుభ్రంగా ఉంది. దుప్పటి ఇస్త్రీ చేసినట్టుంది. వేలు లేదు. మళ్ళీ గుమ్మంలోకి వెళ్తే ఉంది, తెర దగ్గరికి వస్తే లేదు.

"ఏమైందండీ?" అంది పెద్ద నర్సు కంగారుగా.

అన్నయ్య ఇన్ని మధ్యాహ్నాలు పిలిచాడు. దాహమేసో, నడుం నొప్పెట్టో, భయమేసో పిలిచాడు. చెల్లెలు చేసిన కన్ను నెత్తిమీదే ఉంది కదా, చూస్తోంది కదా అని పిలిచాడు. చూసి కూడా ఎవరూ రావడం లేదనుకుని ఇవాళో రేపో మానేద్దామనుకుంటున్నాడు. మంచం దగ్గరికి వెళ్ళి, "ఏం కావాలన్నయ్యా?" అంది. అతను వేలు దించేసి కళ్ళు మూసుకున్నాడు.

వరండాలోంచే పెద్దాయనకి ఫోన్ చేసింది. "సార్, మన జల్లెడలో వేలు పోతోంది."

"వేలా?" అవతలినుంచి కేక వినిపించింది. "ఎన్ని వేలు?"

"ఒక్కటే సార్. మా అన్నయ్యది. చూపుడువేలు."

పెద్దాయనకి అర్థం కాలేదు. అర్థం కావాలంటే చూపించాల్సిందే. ఆఫీసుకి వెళ్ళి, మూల కుర్చీలోంచి బావగారిని దించేసి, ఆ స్థానంలో పెద్దాయనని కూర్చోబెట్టి మీద తెల్లదుప్పటి కప్పింది. దీపాలార్పి, వేలు మెల్లగా ఎత్తి దించమంది. ఆయన ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. తర్వాత రికార్డయింది చూపిస్తే తెరకి ముక్కు ఆనించి వెతుక్కున్నాడు.

"నేనున్నాను. బాగానే ఉన్నాను. వేలేదీ?"

"ఇసుక అనుకుని తీసేసింది సార్. అంచుల్లో అంత సన్నగా పెట్టమన్నది నేనే."

జల్లెడ తీసేస్తే ఏమవుతుందో కూడా చూపించింది. మూలంతా ఇసుక లేచి కుతకుతలాడింది. ఆ ఇసుకలో వేలుంది. పెద్దాయన ముఖం మాడిపోయింది. "ఇది చూపిస్తే ఆసుపత్రివాళ్ళు గుమ్మంలోంచే పంపించేస్తారమ్మా. కొత్త జల్లెడ రాసేదాకా ఆగుదాం. ఈలోగా ఉన్నది ఉండనీ."

"ఈలోగా ఆయన వేలెత్తడం మానేస్తాడు సార్" అంది ఆమె. "ఆయన ఒక్కడే కాదు, ఆ మూల మంచం మీద రేపు ఇంకెవరైనా ఉంటారు. గుమ్మంలో పటం కట్టారే, దాన్ని తీసేయించండి. అది బొమ్మకి తీసిన బొమ్మ."

పెద్దాయన చాలాసేపు దుప్పటి మడతపెడుతూ కూర్చున్నాడు. మడత సరిగ్గా రాలేదు. చివరికి "సరే, తీసెయ్" అన్నాడు.

మర్నాడు అంచుల్లో జల్లెడ తీసేశారు. పెద్ద నర్సు తెర చూసి నోరు నొక్కుకుంది. "ఇదేం ఖర్మండీ? నిన్నటిదాకా బాగుండేదిగా, ఎవరి దిష్టి తగిలింది?" ఆమె నర్సు పక్కన కూర్చుని, ఇసుకలో ఏది వట్టి ఇసుకో, ఏది మనిషో ఓపిగ్గా చూపించింది. వట్టి ఇసుక ఎటుపడితే అటు చిందుతుంది. మనిషిదైతే ఆ చుక్కలన్నీ కలిసి ఒకే వైపు వెళ్తాయి. పెద్ద నర్సు మొదట సణిగింది, ఆ తర్వాత పక్కమంచం ఆయన బొటనవేలితో కాలు గోక్కోవడం తనే పట్టుకుని తెగ మురిసిపోయింది.

అన్నయ్య వేలు మాత్రం లేవలేదు. ఆ రోజు లేవలేదు, తర్వాత కూడా లేవలేదు. వేలికి పని నేర్పే ఆవిడ వచ్చి, పట్టుకుని లేపి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయింది. వదిన వరండాలో గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. కెమెరా బాగుపడేసరికి వేలు అలిసిపోయిందేమోనని చెల్లెలికి ప్రాణం విలవిలలాడింది.

ఇక ఆగలేక మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గర వంగి చెప్పేసింది.

"అన్నయ్యా, నువ్వు పిలిచావు. వదిన తప్పు లేదు, నర్సుల తప్పు కూడా లేదు, వాళ్ళకి నువ్వు కనిపించలేదు. అంచులు శుభ్రంగా ఉండాలని నేనే జల్లెడ సన్నగా పెట్టించాను. నీ వేలు అందులో పోయింది. నువ్వు కదిలావు, నా కెమెరాకి దొరకలేదు. దాని చేతకానితనం, నాది కూడా. నీ తప్పేం లేదు. ఇప్పుడు తీసేశాను. ఒక్కసారి ఎత్తి చూడవూ?"

అతని కనురెప్పలు తెరుచుకోలేదు. ఆమె చాలాసేపు కూర్చుంది, తర్వాత తెరలు దించే వేళయితే లేచి వచ్చేసింది.

బల్ల దగ్గర పెద్ద నర్సు ఏవో కబుర్లు చెబుతోంది. ఆమె తల ఊపుతోంది గాని కళ్ళు తెర మీదే ఉన్నాయి. మూలలో ఇసుక చిందుతోంది. అలా చూసి చూసి కళ్ళు మంటలెత్తాయి. ఇక ఇంటికి వెళ్దామని సంచి తీసుకుంటుంటే, ఆ చిందే ఇసుకలో కొన్ని చుక్కలు కలిసికట్టుగా పైకి లేచాయి. లేచి, అక్కడే నిలబడ్డాయి.

"అదుగో!" అంది పెద్ద నర్సే ముందు.

ఆమె వెళ్ళేసరికి వేలు ఇంకా పైనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆమెనే చూస్తున్నాయి. "నీళ్ళా అన్నయ్యా?" అంది. వేలు దిగలేదు. దిండు సర్దింది, దిగలేదు. దుప్పటి లాగింది, నడుం కింద చెయ్యిపెట్టి కాస్త పక్కకి తిప్పింది, ఫ్యాను వైపు చూపించింది. వేలు వణుకుతోంది గాని దిగడంలేదు. ఆమె మంచం చుట్టూ అటూ ఇటూ తిరిగేకొద్దీ అతని కళ్ళలో చిరాకు పెరుగుతోంది. ఆ చిరాకు ఆమె బాగా ఎరిగినదే. మేడమెట్ల కింద గదిలో, కిటికీ పక్కన, చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసిందో. ఆ చేతిని, ఆ వేలిని అప్పుడు గుర్తుపట్టింది.

అతను పిలవడంలేదు. కదలొద్దంటున్నాడు.

ఆమె మంచం చివరికి వెళ్ళి, అంచున, చేతులు రెండూ పక్కలకి పెట్టుకుని నిలబడింది. ఎక్కడో దురద పెట్టింది, గోక్కోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెప్ప వెయ్యలేదు. అన్నయ్య ఆమెని తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా చూశాడు. ఆ మసకలో చాలాసేపే పట్టింది. తర్వాత వేలు మెల్లగా, పూర్తిగా, దుప్పటి మీదికి దిగింది.

"ఏం కావాలటండీ?" గుమ్మంలోంచి పెద్ద నర్సు అడిగింది.

"ఏమీ అక్కర్లేదట" అంది ఆమె, అప్పుడు కళ్ళు తుడుచుకుంటూ. "ఫోటో తీశాడు."